భుజం అద్దెకిచ్చేది కాదు

మా చిన్న టౌకే మొన్న ఫోన్ చేసి, "అంకుల్, కొట్లో కొత్తవాళ్ళు చేరారు, పని గురించి ఏదైనా రాసివ్వండి, వాళ్ళకి పనికొస్తుంది" అన్నాడు. టౌకే అంటే ఇక్కడ షావుకారు. తెలుక్ ఇంటాన్‌లో నది ఒడ్డు రోడ్డు మీద శవపేటికల కొట్టు వాళ్ళది, వాళ్ళ నాన్న పెట్టింది. పోయినవాళ్ళకి స్నానం చేయించడం దగ్గర్నుంచి స్మశానం దాకా చేర్చడం మా పని. నేను ఆ కొట్లో మీసం నల్లగా ఉన్నప్పుడు చేరి, నెరిశాక దిగాను. రాయడానికి నాకు చేతనైనది తెలుగొక్కటే, అదీ రబ్బరు తోట కూలీల బడిలో దిద్దింది. చదవలేనివాళ్ళు ఇంట్లో అమ్మమ్మ ఉంటే చదివించుకోండి. అమ్మమ్మ కూడా లేకపోతే మీ ఖర్మ.

ప్రమోషన్ల సంగతి రాయను. మా కొట్లో ప్రమోషన్ అంటే వ్యాను వెనక భాగం నుంచి డ్రైవరు పక్క సీటుకి రావడం, అంతే. కాగితాల పని కూడా రాయను, అది ఎవరైనా నేర్పుతారు. ఏ కోర్సులోనూ చెప్పనిది ఒకటుంది. ఈ చిన్న ఊళ్ళలో మనిషిని మనిషి ఎలా సాగనంపుతాడో నేను పక్కనే నిలబడి చూశాను. ఇన్నేళ్ళు చూసినా నాకు ఆశ్చర్యం తీరలేదు. అది రాస్తాను.

ముందు అడగాల్సిన మాట

పెద్ద టౌకే అంటే చిన్న టౌకే నాన్న, లియాంగ్. బక్క మనిషి. ఎప్పుడూ బనీను, నిక్కరు, చెవి మీద పెన్సిలు. నోరు తెరిస్తే తిట్లు. టీ ఇప్పించమంటే నీళ్ళు తాగమనేవాడు. మలాయ్‌లో మొదలుపెట్టి, అరవంలోకి దిగి, కోపం ముదిరితే చీనా భాషలో తేలేవాడు. అలాంటివాడి దగ్గర నేర్చుకున్నంత నేను ఇంకెవరి దగ్గరా నేర్చుకోలేదు.

చేరిన కొత్తలో ఒకసారి ఫోను మోగితే నేనే ఎత్తి, "పోయినవారు హిందువులా, క్రైస్తవులా, బౌద్ధులా?" అనడిగాను. టౌకే చేతిలో రంపం పక్కన పడేసి వచ్చాడు.

"అదా అడిగేది? ఏ సంఘంలో ఉన్నాడో అడుగు!"

"మతం తెలియాలి కదా టౌకే?"

"మతం చెప్తే ఏ మంత్రమో తెలుస్తుంది. సంఘం చెప్తే ఎవరొస్తారో తెలుస్తుంది. మంత్రం ఆలస్యమైనా పర్వాలేదు లా. మనుషులే రాకపోతే నువ్వేం చేస్తావు?"

మాట చివర లా తగిలించడం ఇక్కడ అందరి అలవాటు. టౌకే చెప్పింది అప్పుడు నాకు బుర్రకెక్కలేదు. మీకూ ఎక్కదు, ఎందుకంటే మీరు పుట్టేసరికి ఇక్కడ అందరికీ చుట్టాలున్నారు. ఈ ఊళ్ళకి వచ్చిన మొదటి మనుషులు ఒంటరిగా వచ్చారు. తగరం గనులకి చీనావాళ్ళు, రబ్బరు తోటలకీ కొబ్బరి తోటలకీ మనవాళ్ళు, అరవలు. అమ్మానాన్నలు, అన్నదమ్ములు సముద్రానికి అవతల. బతికున్నంత కాలం మనిషి ఒంటరిగా ఉండొచ్చు. వండుకుంటాడు, తింటాడు, పడుకుంటాడు. చచ్చాక మాత్రం ఒంటరిగా కుదరదు. లేచి నడిచి వెళ్ళలేడు కదా! అందుకే ఈ సంఘాలు పుట్టాయి. రక్తం పంచుకోనివాళ్ళు ఒకచోట కూర్చుని, ప్రమాణం చేసి, నీకు నేను అన్న, నాకు నువ్వు తమ్ముడు అనుకున్నారు. ఇంత చిన్న ఊళ్ళో, ఒక్కో వీధిలో, మేడ మీద గదుల్లో ఎన్ని బోర్డులుండేవో! కింద సైకిళ్ళ కొట్టు, పైన అన్నదమ్ములు.

తలుపు ఇవతల నుంచి చూసినవి

మార్కెట్ వెనక వీధిలో గనుల చీనావాళ్ళ సంఘం ఉండేది. మొదటిసారి ఆ చెక్క మెట్లెక్కి పైకి వెళ్ళినప్పుడు నా నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. గోడ పొడవునా ఎర్రటి చెక్క ముక్కలు, వరస మీద వరస, ఒక్కొక్కదాని మీద బంగారు రంగులో ఒక పేరు. పెళ్ళాం పిల్లలు లేకుండా గనుల్లో పోయినవాళ్ళట అందరూ. ఏటేటా ఒకరోజు సంఘం వాళ్ళు వచ్చి ఒక్కొక్క పేరూ పైకి చదివి, ఒక్కొక్క పేరుకీ చిన్న కప్పులో టీ పోస్తారు. చదివే ముసలాయన్ని, "వీళ్ళలో మీ తాతలెవరైనా ఉన్నారా?" అనడిగాను. ఆయన నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి, "మా తాతకి నేను ఇంట్లో పోస్తాను. వీళ్ళకి పోసేవాళ్ళు లేరనే కదా ఇక్కడికొచ్చాను" అన్నాడు. మాకెవరికీ ఏనాడూ టీ ఇప్పించని మా టౌకే ఆ రోజు ఓ మూల కూర్చుని ఆ కప్పులు కడుగుతున్నాడు.

తోటల మేనేజర్ల లాడ్జి ఒకటుండేది, నది వంపు దగ్గర. లాడ్జి అంటే బస చేసేది కాదు, అదీ ప్రమాణం చేసి చేరే సంఘమే. కిటికీలు ఎప్పుడూ మూసే ఉండేవి. ఊళ్ళో జనం దాన్ని దెయ్యాల బంగళా అనేవారు. ఆ లాడ్జిలో సభ్యుడైన డాక్టరొకాయన పోతే మేం వెళ్ళాం. పెట్టె మీద తెల్లటి తోలు గుడ్డ పరిచారు, వంటవాళ్ళు నడుముకి కట్టుకునేలాంటిది. నాకు నవ్వాగలేదు. మా డ్రైవరు ముత్తు నా కాలు తొక్కాడు. తర్వాత గోతి దగ్గర ఒక్కొక్కరూ వచ్చి ఒక పచ్చటి రెమ్మ లోపలికి వదిలారు. తోట మేనేజరు, అతని వెనక అదే తోట గుమాస్తా, అతని వెనక బడి మేష్టారు.  రెమ్మ పెట్టె మీద పడిన చప్పుడు కూడా వినిపించింది. ఆఫీసులో ఆ గుమాస్తాని కూర్చోమని ఏనాడూ అనని మేనేజరు, ఇక్కడ గోతి అంచున అతను జారబోతే భుజం పట్టుకుని ఆపాడు. సోమవారం పొద్దున్న మళ్ళీ నిలబెట్టే ఉంటాడు, నాకు తెలుసు. తంతులు లోకాన్ని మార్చేస్తాయని నేను చెప్పను. ఒక్క గంట మారుస్తాయి. అది కళ్ళారా చూశాను, నవ్వు కూడా అక్కడితో ఆగిపోయింది.

భుజం సంగం

మన తెలుగువాళ్ళదీ ఒకటుంది. బోర్డు మీద చాలా పెద్ద పేరు, నోటికి మాత్రం భుజం సంగం. మొదట్లో కొబ్బరి తోట లైన్లలో, అంటే కూలీలుండే వరస ఇళ్ళలో, ఒకతను పోతే మోసేవాడు లేక కాయలు తోలే బండి మీద వేసుకుపోయారట. కింద కాయలు, పైన మనిషి. చూసినవాళ్ళకి ఆ పూట అన్నం సయించలేదు. మర్నాడు చెట్ల కింద కూర్చుని ప్రమాణం చేశారట, మనలో ఎవడు పోయినా మన భుజాల మీదే పోవాలని.

బయటివాడికి చెప్పదగ్గంత చెప్తాను. కాడికి ఎద్దుల్ని కట్టినట్టు, చేరినవాళ్ళని ఎత్తు చూసి జోడు కడతారు. పొట్టికి పొట్టి, పొడుగుకి పొడుగు. పాడె ఒరగకూడదు కదా. చేరేవాడి కళ్ళకి తువ్వాలు కట్టి, భుజం మీద వెదురు కొస పెడతారు. రెండో కొస ఎవరి భుజం మీదుందో వాడికి తెలియదు. సంఘం పెద్ద అడుగుతాడు, "బరువెవులిది?" అని. "నాది" అనాలి. మూడుసార్లు అడుగుతాడు. ఆ తర్వాత నడవాలి. అడుగులు కలిశాక కట్టు విప్పుతారు. వెదురుకి అటు కొసనున్నవాడే ఇక బతుకంతా జోడు.

ఇంకో నియమం, ఏడ్చేవాడు మొయ్యకూడదు, మోసేవాడు ఏడవకూడదు. అందుకే కొడుకులు, అన్నదమ్ములు పాడె పట్టరు. వాళ్ళ పని ఏడవడం.

దింపుడు కళ్ళం మన తెలుగువాళ్ళందరికీ ఉన్నదే. దారి మధ్యలో పాడె దించి, ప్రాణముంటే లేస్తాడేమోనని చెవిలో పేరు పెట్టి పిలుస్తారు. భుజం సంగంలో ఆ పిలుపు జోడుది. పిలిచి, ఆగి, పలక్కపోతే ఆ చెవిలోనే అంటాడు, "మరైతే బరువు నాది. నువ్వెల్లు." అది అన్నాకే పాడె మళ్ళీ లేస్తుంది. దించే చోటు కూడా ఒక్కటే, లైన్ల బాట పెద్ద రోడ్డులో కలిసే మలుపు. పోయినవాడు ఇంటికి తిరగాలన్నా, ముందుకి పోవాలన్నా అక్కడే తేల్చుకుంటాడని వాళ్ళ నమ్మకం.

వెనక్కి తిరిగిన వ్యాను

నేను పనిలో కాస్త కుదురుకున్న రోజుల్లో, భుజం సంగంలో రాములప్పుడు అనే అతను పోయాడు. అతని జోడు సింహాచలం. చుట్టరికం లేకపోయినా నేను మామా అని పిలిచేవాణ్ణి. ఇద్దరూ పొట్టివాళ్ళే. ఎండ బాగా ఉందని ఇంటి నుంచి మలుపు దాకా మా వ్యానులో తీసుకెళ్ళి, అక్కడ దించి, అక్కడి నుంచి మోసుకుపోవాలని అనుకున్నారు. ముత్తు నడుపుతున్నాడు. మలుపు దగ్గర లారీ ఒకటి అడ్డంగా ఆగిపోయి ట్రాఫిక్ అంతా నిలిచింది. పోలీసు అతను మా వ్యాను చూసి, పాపం దయతోనే, దారి చేసి పోండి పోండి అని చెయ్యి ఊపాడు. ముత్తు పోనిచ్చాడు. ఆగితే వెనకవాళ్ళు హారన్లతో చంపేసేలా ఉన్నారు.

వెనక నుంచి మామ వ్యాను గోడ మీద గుద్దుతున్నాడు. "ఆపండిరా! ఆపండి! ఆడికింకా సెప్పనేదు!"

ఆపేసరికి స్మశానం గేటు దాటి లోపలికి వచ్చేశాం. అందరూ మామకి నచ్చజెప్పారు. ఇక్కడే పిలిచెయ్, ఎక్కడ పిలిస్తే ఏముంది అన్నారు. మామ నేల మీద కూలబడ్డాడు.

"ఇక్కడ పిలిత్తే ఏటి నాభం? ఆడు ఆ మలుపులో దిగిపోయుంటాడు. నాను సెప్పనేదు కదా, ఇంకా నాకోసం సూత్తంటాడు."

శవాన్ని గేటు లోపలికి తెచ్చాక మళ్ళీ బయటికి తీసుకుపోవడమంటే ఎవరికైనా గుండె గుభేల్మంటుంది. మనకే కాదు, చీనావాళ్ళకి మరీను. అలా చేసిన కొట్టుకి మళ్ళీ ఎవడూ ఫోన్ చెయ్యడు.  ముందే వచ్చి గేటు దగ్గరున్న టౌకే ఒక్క క్షణం మామ వంక చూశాడు. ముత్తు చేతిలోంచి తాళం లాక్కుని తనే ఎక్కాడు. ఆ రోజు బనీను మీద చొక్కా కూడా వేసుకొచ్చాడు. వ్యాను వెనక్కి తిప్పాడు.

పెద్ద రోడ్డు మీద జనం చూస్తూ నిలబడిపోయారు. కొందరు మొహం తిప్పుకున్నారు. టౌకే ఎవరి వంకా చూడకుండా మలుపు దాకా నడిపి, వ్యాను రోడ్డుకి అడ్డంగా పెట్టి, దిగి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పోలీసు అతను వచ్చి ఏదో అనబోయి, పాడె దిగడం చూసి, టోపీ తీసి ఆ పక్కనే నిలబడ్డాడు. మామ వంగి చెవిలో పిలిచాడు. ఏమన్నాడో వినబడలేదు. లేచేటప్పటికి మాత్రం ఆ మొహం తేటపడింది. అంత పని ఒక్క మాట చేస్తుందా అనుకున్నాను.

మోసేవాళ్ళలో ఒకతనికి కాలు బెణికింది. నేను కుర్రతనం కొద్దీ సాయం పడదామని పాడె కింద భుజం పెట్టబోయాను. టౌకే వెనక నుంచి నా కాలరు పట్టి లాగాడు.

"మనం చెయ్యి అద్దెకిచ్చాం, కాలు అద్దెకిచ్చాం, వ్యాను అద్దెకిచ్చాం. భుజం అద్దెకిచ్చేది కాదు! అది వాళ్ళది. వాళ్ళు తడబడినా వాళ్ళదే."

నేను పని మానేదాకా ఆ మాట దాటలేదు.

ప్యాకేజీల కాలం

తర్వాత తోటలు పోయి ఇళ్ళ కాలనీలొచ్చాయి. పిల్లలు క్లాంగ్‌కి, కౌలాలంపూర్‌కి పోయారు. సంఘాలు ముసలైపోయాయి. ఇప్పుడన్నీ ప్యాకేజీలు. పువ్వులు, వ్యాను, ఫోటో, ఏసీ, మోసే మనుషులు కూడా అందులోనే. చిన్న టౌకేని నేను తప్పుపట్టను. మనుషులు లేని ఇంటికి మనుషుల్ని పంపడం కూడా ధర్మమే. కానీ మోసేవాడు మధ్యలో ఫోన్ చూసుకోవడం నేను చూశాను. అలాంటివాణ్ణి నేను నాలుగు తిట్టి పంపేశాను, ఇప్పటికీ తిడతాను. మీలో ఎవడైనా అలా చేస్తే, వచ్చి మరీ తిడతాను.

మామ వచ్చిన పని

నేను పని మానేసిన కొన్నాళ్ళకి సింహాచలం మామ మోటారు సైకిలు మీద మా ఇంటికొచ్చాడు. ఆ వయసులో ఆయన్ని బండి మీద చూస్తే ఎవరికైనా పై ప్రాణాలు పైనే పోతాయి. హెల్మెట్ తీసి, వరండాలో కూర్చుని, మంచినీళ్ళు తాగి, మెల్లగా మొదలుపెట్టాడు.

"ఏటల్లుడా, పని మానేసినావంట?"

"మానేసినాను మామా. నడుం పట్టేసింది."

"నడుం పోతే పోనీ లా. బుజం ఎలాగుంది?"

"బుజానికేటి, బాగానే ఉంది."

"అయితే అదిప్పుడు నీదే కదా. అద్దెకిచ్చీది కాదు కదా."

అప్పుడర్థమైంది ముసలాయన ఎక్కడికి తిప్పి ఎక్కడికి తెచ్చాడో. భుజం సంగంలో ఇంకా బతికున్నది మామ కాక ఇద్దరే, ఎర్రన్న, పోలయ్య. ఆ ఇద్దరూ ఒక జోడు. మామ పోతే పాడెకి రెండు భుజాలే ఉంటాయి.

"నా కొడుకు మిసినీ ఎడతానంతన్నాడు," అన్నాడు మామ. మిసినీ అంటే మెషిన్, పాడెకి బదులు చక్రాల బల్ల. కొడుకు జగ్గు పోర్ట్ క్లాంగ్‌లో కంటైనర్లు ఎత్తించే పని చూస్తాడు. "ఆడి తప్పు నేదు, ఆడి పనే అది. కానీ అల్లుడా, నాను ఎంతమందిని మోసినానో నీకు తెలుసు. నన్ను సక్రాల మీద తోసుకుపోతారేటి?"

నా భుజం ఇస్తానన్నాను.  రెండో భుజం కోసం ముత్తు ఇంటికి వెళ్ళాను. ముత్తు అరవవాడు, నాకంటే జానెడు పొడుగు, నాకంటే ముందే రిటైరయ్యాడు. సంగతి చెప్పేలోపే చెప్పులేసుకున్నాడు. "ఆ మలుపు దగ్గర ఆగకుండా పోయింది నేనే కదా రా," అన్నాడు అరవంలో. "పద."

ఒక మధ్యాహ్నం రామమందిరం వెనక రేకుల షెడ్డులో మా ఇద్దరికీ కళ్ళకి తువ్వాళ్ళు కట్టారు. నేను ఇన్నేళ్ళూ తలుపు ఇవతలే నిలబడ్డవాణ్ణి. లోపల ఉన్నది ముగ్గురు ముసలాళ్ళని నాకు తెలుసు. అయినా భుజం మీద వెదురు ఆనగానే రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాను. వెదురు మధ్యలో ఒకటి వేలాడదీస్తారు. అదేమిటో రాయను, ప్రమాణం చేశాను. దాని బరువు మాత్రం చెప్తాను. రెండో కొసనున్నవాడు సరిగ్గా పట్టుకుంటే అది బరువే కాదు. వాడు ఒక్క అడుగు తప్పితే మోయలేం. చీకట్లో ఎవరిదో ఊపిరి వింటూ నడిచాను. నడవగా నడవగా నా అడుగేదో వాడి అడుగేదో తెలియలేదు. కట్టు విప్పితే అటు చివర సింహాచలం మామ, బోసినోటితో నవ్వుతూ.

"రాములప్పుడి తరవాత నువ్వే," అన్నాడు.

పెట్రోల్ స్టేషన్ దగ్గర

మామ ఆ ఏడాదే పోయాడు. జగ్గు క్లాంగ్ నుంచి వచ్చేసరికి మేం స్నానం చేయించి ఉంచాం. జగ్గుకి తెలుగు అర్థమవుతుంది, మాట్లాడటం తక్కువ. నన్ను పక్కకి లాగాడు.

"బావా, నాను రోజూ ఎంత బరువు ఎత్తిస్తాను, తెలుసా? మెషిన్ ఉంది లా. మీరు అందరూ ముసిలోళ్ళు. అయ్యని పడేస్తే?"

"పడేస్తే నన్నూ అదే గోతిలోకి తోసీరా."

"జోక్ కాదు బావా."

"నానూ జోక్ సెయ్యనేదు."

మామ ఆఖరి కోరిక జగ్గుకీ తెలుసు. సరేనని తలూపాడు. కానీ వ్యానులో చక్రాల బల్ల పెట్టించాడు, దేనికైనా మంచిదని. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను. లోపల నాకూ భయమే.

లైన్ల బాట ఇప్పుడు లేదు. ఆ మలుపులో పెట్రోల్ స్టేషన్ వచ్చింది. దాని పక్కనున్న గడ్డి మీద పాడె దించాం. మబ్బు పట్టి ఉంది. పెట్రోలు పోసే అమ్మాయి మమ్మల్ని చూసి లోపలికి పరిగెత్తి, స్పీకర్లో పాట ఆపేసింది. మోటారు సైకిళ్ళ వాళ్ళు హెల్మెట్లు తీశారు. ఎవరూ చెప్పలేదు వాళ్ళకి.

నేను వంగాను. ఈ పనిలో నేను ఎన్ని చెవులు తుడిచానో, ఎన్ని చెవుల్లో దూది పెట్టానో లెక్కలేదు. చెవిలో మాట్లాడటం అదే మొదలు. మామని పేరు పెట్టి పిలవడం కూడా అదే మొదలు. "సింహాచలం" అన్నాను. ఆగాను. మళ్ళీ పిలిచాను. దింపుడు కళ్ళం ఆశ అని సామెతగా ఎన్నోసార్లు అన్నాను గానీ, నిజంగా ఆశ పుడుతుందని అప్పుడే తెలిసింది. మూడోసారి పిలిచాక ఆ పెదాలు కదులుతాయేమోనని చూశాను, ఒట్టు. ఇంత పనివాణ్ణి, పొద్దున్నే స్వయంగా స్నానం చేయించినవాణ్ణి, అలా చూశాను. కదల్లేదు.

"మరైతే బరువు నాది. నువ్వెల్లు," అన్నాను.

పాడె ఎత్తాం. ముందు ఎర్రన్న, పోలయ్య, పొడుగు జోడు. వెనక నేను, ముత్తు. ముత్తు ఎత్తు అందుకోవడానికి నా భుజం మీద మడతపెట్టిన తువ్వాలు. నాలుగడుగులు పడ్డాయో లేదో పోలయ్య మోకాలు వంగిపోయింది. పాడె ఒరిగింది. ఎలాగో ఆపి మళ్ళీ కిందికి దించాం. పోలయ్య అక్కడే గడ్డిలో కూర్చుని, "నావల్ల కాదర్రా, కాదర్రా," అంటూ మోకాలి మీద కొట్టుకున్నాడు.

జగ్గు ముందుకొచ్చాడు. ఎర్రన్న చెయ్యి అడ్డం పెట్టాడు. మామ పోయాక ఇక సంఘానికి పెద్ద ఆయనే.

"ఒద్దు బాబూ. కొడుకువి నువ్వు. కొడుకులు మొయ్యరు."

"అయితే ఎవరు? నాను చెప్పాను కదా, మెషిన్ అని చెప్పాను కదా!" జగ్గు అరిచాడు. వ్యాను వంక చూశాడు, చక్రాల బల్ల వంక. వాన చినుకులు మొదలయ్యాయి. మోయగలిగిన మేం ముగ్గురం, గడ్డిలో మామ. నాకు టౌకే గుర్తొచ్చాడు. ఉంటే ఏం చేసేవాడో అనుకున్నాను గానీ, ఇది టౌకే తేల్చేది కాదు.

ఎర్రన్న జగ్గు మొహంలోకి చూశాడు. తర్వాత మా వైపు తిరిగి అన్నాడు, "అప్పట్లో ఒచ్చినోళ్ళకి ఇక్కడ కొడుకుల్నేరు గనక ఈ సంగం కట్టినారు. కొడుకొచ్చి మోస్తానంటే ఒద్దనీడానికి మనవెవులం?" మళ్ళీ జగ్గుతో, "ఏడుత్తన్నావేటి?"

జగ్గు చొక్కా ఎత్తి మొహమంతా తుడుచుకున్నాడు. "లేదు."

"బరువెవులిది?"

జగ్గుకి జవాబు ఎవరూ నేర్పలేదు. తండ్రి మొహం వంక చూశాడు. "నాది."

"బరువెవులిది?"

"నాది."

"బరువెవులిది?"

"నాదే. నాదే లా, ఎర్రన్న మామా."

జగ్గు తండ్రి పోలికే, పొట్టివాడు. ముత్తు ముందుకెళ్ళి ఎర్రన్న పక్కన నిలబడ్డాడు, పొడుగుకి పొడుగు. జగ్గు వెనక్కొచ్చి నా పక్కన నిలబడ్డాడు. నేను భుజం మీద తువ్వాలు తీసి పారేశాను. ఎత్తాం. పాడె సమంగా లేచింది, ఒక వేలు కూడా ఒరగలేదు. వానలో అలాగే గేటు దాకా నడిచాం. జగ్గు ఏడవలేదు.

ముందు నుంచి ఎర్రన్న అరిచాడు, "ముక్కెగపీల్చినదెవులు?"

"ముత్తు," అన్నాను.

"డేయ్!" అన్నాడు ముత్తు.

జోడు

కొత్తగా చేరినవాళ్ళకి చెప్పేది ఇంతే. ఫోను మోగితే ముందు ఏ సంఘమో అడగండి. ఏ సంఘమూ లేదంటే, ఎవరొస్తారో అడగండి. ఎవరూ రారంటే, మీ పని ముగించండి, కొట్టువాళ్ళిచ్చిన చొక్కా విప్పేసి, మామూలు మనిషిగా తిరిగొచ్చి నిలబడండి. భుజం అద్దెకివ్వకండి. ఊరికే ఇవ్వండి.

జగ్గుకి తర్వాత రేకుల షెడ్డులో కళ్ళకి కట్టు కట్టి పద్ధతిగానే నడిపించాం. ఎత్తు చూసి నాకే జోడు కట్టాడు ఎర్రన్న. అంటే రేపు నా చెవిలో పిలవాల్సింది ఆ కంటైనర్ల బావమరిదే. వాడు అప్పుడప్పుడు క్లాంగ్ నుంచి ఫోన్ చేస్తాడు. వెనక క్రేన్ల రొద, లారీల హారన్లు. హలో అనడు, బాగున్నావా అనడు. వచ్చిన కొద్ది తెలుగులోనే సూటిగా అడుగుతాడు.

"బావా, బరువెవులిది?"

"ఇంకా నాదే లేరా," అంటాను. "నీకప్పుడే రాదు."